“ఇది నిజమేనా, మాస్టారూ?”

చలనచిత్రశాలలో అసలు కథ ప్రారంభము కాకముందు వేయు చిన్న చిత్రములు మనలో పెద్దవారికి జ్ఞాపకముండును. 1948లో నెలకొల్పబడిన ఫిల్మ్స్ డివిజన్ వారు తీసిన ఆ చిత్రములలో ఒకనాడు ఆనకట్ట, ఒకనాడు వరద, ఒకనాడు అడవి కనబడెడివి. వాటి కొరకు టిక్కెట్టు కొన్నవారెవరును లేరు. అయినను అందరును చూచిరి. బయట వేరుసెనగకాయల బండివద్ద ఆలస్యము చేసినవారికి మాత్రమే అవి తప్పిపోయెడివి.

అట్టి చిన్న చిత్రమునకు గల శక్తిని న్యాయస్థానము కూడ గుర్తించినది. 1991 నవంబరులో, ఎం. సి. మెహతా వేసిన వ్యాజ్యములో తీర్పు చెప్పుచు సుప్రీంకోర్టు, పర్యావరణమును గూర్చి చిన్న చిత్రములు తీయించి చలనచిత్రశాలలలో చూపవలెననియు, ఆకాశవాణి, దూరదర్శన్ ఈ విషయమునకు ప్రతిదినము కొన్ని నిమిషములు కేటాయింపవలెననియు, బడులలో దీనిని తప్పనిసరి పాఠ్యాంశముగా చేయవలెననియు ఆదేశించినది. చిత్రము, రేడియో, బడి ఈ మూడింటిని ఆ తీర్పు ఒకచోట చేర్చినది. ఆ మూడింటిలో బడి మా వంతు. కావున బడిలో మేము నేర్చుకొన్నదానిని శ్రోతలకు మనవి చేయుదుము.

గోదావరి డెల్టాలో, కాలువగట్టున నున్న ఒక బడిలో, ఆరు, ఏడు, ఎనిమిది తరగతుల పిల్లలకు సామాన్యశాస్త్రము బోధించువారము మేము. ఈ వయస్సు పిల్లల తీరు వేరు. మూడవ తరగతి బిడ్డకు కథ చెప్పిన, ఊకొట్టును. పదవ తరగతి విద్యార్థికి చెప్పిన, ఇది పరీక్షలో వచ్చునా అని యోచించును. ఈ రెంటికి నడుమనున్న పదకొండు, పండ్రెండు, పదుమూడేండ్ల పిల్లలు మాత్రము వేరొక ప్రశ్న వేయుదురు: “ఇది నిజమేనా, మాస్టారూ?” ఈ ప్రశ్నకు మేమొకసారి తప్పు జవాబు చెప్పితిమి. ఆ తప్పును, దానివలన మేము నేర్చిన పాఠమును చెప్పుటయే ఈ ప్రసంగము యొక్క ఉద్దేశ్యము.

కెనడాలో ఫ్రెడెరిక్ బాక్ అను చిత్రకారుడు 1987లో ‘చెట్లు నాటిన మనిషి’ అను ముప్పది నిమిషముల చిత్రమును నిర్మించెను. రంగు పెన్సిళ్ళతో వేలకొలది బొమ్మలు గీసి, వాటికి చలనము కల్పించి, సుమారు ఐదేండ్లు శ్రమించి చేసిన చిత్రమది. 1988లో దానికి ఆస్కార్ బహుమానము లభించినది. ఫ్రెంచి రచయిత ఝాఁ జియోనో 1953లో వ్రాసిన కథ దానికి ఆధారము. ఆల్ప్స్ పర్వతముల చెంత చెట్టు చేమ లేని బయలు. భార్యను, కుమారుని కోల్పోయిన గొఱ్ఱెలకాపరి యొకడు అచట ఒంటరిగా నివసించుచు, ప్రతిరాత్రి ఓక్ గింజలను ముందు పోసికొని, మంచివి నూఱు ఏరి, మరునాడు ఇనుపకడ్డీతో నేలను గ్రుచ్చి నాటుచుండును. మూడేండ్లలో లక్ష గింజలు నాటెను. ఇరువదివేలు మొలచినవి. వాటిలో సగము ఎలుకలవలననో, మరొక కారణమువలననో పోవునని అతని అంచనా. మిగులునవి పదివేలు. రెండు ప్రపంచయుద్ధములు వచ్చి పోవును. అతడు నాటుట మానడు. తుదకు అడవి పెరుగును, ఎండిన ఊటలలో నీరు ఊరును, పాడుపడిన పల్లెలకు జనము తిరిగి వత్తురు.

ఆ చిత్రమును సంక్రాంతి సెలవులైన పిమ్మట మా పిల్లలకు చూపితిమి. ఇంగ్లీషు వ్యాఖ్యానము వారికి అందదని ధ్వని తగ్గించి, కథను మేమే తెలుగులో చెప్పుచుంటిమి. చిత్రము ముగిసినది. గదిలో కొంతసేపు మాట లేదు. అంతట ఏడవ తరగతి బాలిక యొకతె లేచి, “ఇది నిజంగా జరిగిందాండీ, మాస్టారూ? ఆ అడవి ఇప్పుడూ ఉందాండీ?” అని అడిగినది.

మాకు సంగతి తెలియును. ఆ గొఱ్ఱెలకాపరి జియోనో కల్పించిన పాత్ర. కాని పిల్లల ముఖములు చూచిన పిమ్మట ఆ మాట చెప్పుటకు మనసొప్పలేదు. “ఉందమ్మా” అంటిమి.

మరునాటినుండి ఆ బాలిక, ఇద్దరు ముగ్గురు స్నేహితురాండ్రతో గూడి, బడివెనుక కాలువగట్టున చింతగింజలు నాట మొదలిడినది. ఇంటివద్ద రాత్రి నీటిలో నానవేసి, తెల్లవారి బడికి తెచ్చెడివారు. మొత్తము నలువది గింజలు. డబ్బాలతో కాలువనీరు తెచ్చి పోసెడివారు. చిత్రము పనిచేసినదని తోడి ఉపాధ్యాయులతో మేము గర్వముగా చెప్పుకొంటిమి.

కొన్ని వారములకు నీరు పోయుట ఆగిపోయినది. కారణమేమని ఆ బాలికను పిలిచి అడిగితిమి. “మా అన్నయ్య ఫోన్‌లో చూశాడండీ. ఆ తాత అసలు లేడంటండీ. ఎవరో రాసిన కథంట. మీరు ఉందన్నారు కదండీ?” అన్నది. ఆ మాటలో కోపము లేదు. సమాధానము కొరకు మా వంక చూచుచు నిలుచున్నది.

శ్రోతలు గమనింపవలెను. ఆ పిల్లకు కథయనిన అయిష్టము లేదు. కథయని చెప్పియున్నచో కథగనే స్వీకరించి, గింజలు నాటియుండెడిది. నిజమని చెప్పుటచే ఆమె దానిపై బరువు మోపినది. అది కూలినపుడు, కాపరితో గూడ కాలువగట్టు, చింతమొక్కలు, మా మాట అన్నియు కూలినవి. పిల్లల ఉత్సాహమును కాపాడుటకై చెప్పిన అబద్ధము ఆ ఉత్సాహమునే హరించినది.

ఇందు రచయిత దోషమేమియు లేదు. ఒక అమెరికన్ పత్రికవారు తాము మరువలేని వాస్తవవ్యక్తిని గూర్చి వ్రాయుమని కోరగా జియోనో ఈ కథ నిచ్చెను. వారు విచారింపగా అట్టి మనుజుడు లేడని తేలినది, ప్రచురింపలేదు. 1954లో వేరొక పత్రిక దానిని అచ్చువేసినది. 1957లో ఒక అటవీశాఖాధికారికి వ్రాసిన లేఖలో, ఆ కాపరి తన కల్పనయే యనియు, జనులకు చెట్లయెడల, ముఖ్యముగా చెట్లు నాటుటయెడల, ప్రేమ కలిగించుటయే తన అభిమతమనియు జియోనో స్పష్టముగా తెలిపెను. వ్రాసినవాడే ఒప్పుకొన్నదానిని చూపినవారము మేము దాచితిమి.

ప్రకృతిని చూపు చిత్రములలో ఇట్టి పొరపాటు పెద్ద ఎత్తున జరిగిన సందర్భము కూడ కలదు. వాల్ట్ డిస్నీ సంస్థ 1948లో ‘సీల్ ఐలండ్’ అను లఘుచిత్రముతో ఒక ప్రకృతిచిత్రమాలను ఆరంభించినది. ఆ మాలలో 1958లో వెలువడిన ‘వైట్ వైల్డర్‌నెస్’ అను పెద్ద చిత్రమునకు ఆస్కార్ లభించినది. ఎలుకను పోలిన లెమింగులను చిన్న జంతువులు గుంపులు గుంపులుగా ఎత్తయిన గట్టుమీదినుండి నీటిలోనికి దూకి చచ్చునట్లు అందు చూపిరి. అసలు సంగతిని 1982లో కెనడా ప్రసారసంస్థవారి కార్యక్రమ మొకటి వెల్లడించినది. ఆ జంతువులు ఆ ప్రాంతమున పుట్టినవి కావు. వేరొకచోటనుండి కొని తెచ్చి, కెమెరా ముందు వాటిని నీటిలోనికి త్రోసిరి. లెమింగులు మూకుమ్మడిగా ప్రాణత్యాగము చేయవు. కాని అవి అట్లు చేయునను అపోహ నేటికిని పోలేదు. తెరమీద చూచినది మనస్సున నాటుకొనును. పుస్తకము దిద్దినను త్వరగా చెరగదు.

మేము చేయదగినది ఒక్కటే. మరుసటి సోమవారము తరగతిలో నిలిచి, ఆనాడు మీకు అసత్యము చెప్పితిమని ఒప్పుకొంటిమి. జియోనో లేఖ సంగతి వివరించితిమి. పిమ్మట పదునారు నిమిషముల మరియొక చిత్రమును చూపితిమి. విలియం డగ్లస్ మెక్‌మాస్టర్ 2013లో తీసిన ‘ఫారెస్ట్ మాన్’ అది. దాని రంగము అస్సాములో బ్రహ్మపుత్రానది నడుమనున్న మాజులీ ప్రాంతము. 1979లో వరద తీసిన పిమ్మట, నీడ లేని ఇసుకదిబ్బమీద ఎండకు చచ్చిపడియున్న పాములను జాదవ్ పాయెంగ్ అను మిసింగ్ తెగ యువకుడు చూచెను. ఆ దిబ్బపై మొదట వెదురు నాటెను. క్రమముగా ఇతర వృక్షములు నాటెను. దశాబ్దముల పాటు ఆ పని సాగించెను. అచట ఐదువందల హెక్టారులకు మించిన అడవి ఏర్పడినది. ఏనుగులు దానిని వెదుకుకొని వచ్చినవి. 2015లో భారతప్రభుత్వము పాయెంగుకు పద్మశ్రీ ప్రదానము చేసినది.

ఆ బాలిక మరల అదే ప్రశ్న వేసినది. ఈసారి ‘నిజమే’ అని ఊరకుండక, గోడకు దేశపటము తగిలించి మాజులీ ఎక్కడనో చూపితిమి. ఆమె కొంతసేపు పటమును చూచి, “అయితే ఆ కథలో తాత లెక్కండీ? లక్షకి పదివేలే బతుకుతాయని? అది కూడా అబద్ధమేనాండీ?” అని అడిగినది.

ఆ ప్రశ్నకు జవాబు గట్టుమీద ఉన్నది. అందరమును పోయి లెక్కించితిమి. నలువది గింజలలో పదునారు మొలచినవి. ఐదింటిని మేకలు తినినవి. నాలుగు నీరు లేక వాడిపోయినవి. మిగిలినవి ఏడు. కథలోని అంకెలు కల్పితములైనను, నాటినదంతయు బ్రతుకదని చెప్పు మాట సత్యమని పిల్లలు తమ కన్నులతో చూచిరి. మేకలు తినిన ఐదును మేకల ఖాతా. వాడిన నాలుగు మా ఖాతా. ఆ మాట వారితో చెప్పితిమి. ఆ సాయంకాలము నీళ్ళ డబ్బాలు మరల గట్టెక్కినవి.

ఇచట వేరొక చిక్కు కలదు. నిజమైనదంతయు పిల్లలకు చూపవచ్చునా? మైక్ పాండే 2000లో తీసిన ‘షోర్స్ ఆఫ్ సైలెన్స్’ అను చిత్రమును తీసికొందము. తిమింగల సొర సముద్రములోని చేపలన్నింటిలో పెద్దది. పండ్రెండు మీటర్లకు మించి పెరుగును. అయినను మనుష్యుల జోలికి రాదు. నీటిలోని సూక్ష్మజీవులను, చిన్న ప్రాణులను వడగట్టి తినును. గుజరాతు తీరమున దీనిని గాలములతో పొడిచి, పీపాలు కట్టి, అలయించి చంపెడివారు. కాలేయమునుండి తీసిన నూనెను పడవలకు పూసెడివారు. మాంసము విదేశములకు పోయెడిది. ఈ వధను ఆ చిత్రము ఉన్నదున్నట్లు చూపినది. 2001 మే నెలలో భారతప్రభుత్వము తిమింగల సొరను వన్యప్రాణి సంరక్షణ చట్టము మొదటి షెడ్యూలులో చేర్చినది. ఒక చేపకు ఆ రక్షణ లభించుట అదియే మొదటిసారి. ఆ మార్పునకు ఈ చిత్రము ముఖ్యకారణములలో ఒకటి.

చట్టము వచ్చినంతమాత్రమున తీరమున మనస్సులు మారవు. 2004లో గుజరాతులో ఉద్యమ మొకటి ఆరంభమైనది. రామకథా ప్రవచనకర్త మురారి బాపు దానికి అండగా నిలిచెను. ఈ చేప మన తీరమునకు పురిటికి పుట్టింటికి వచ్చు ఆడుబిడ్డవంటిదని ఆయన మత్స్యకారులకు చెప్పెను. ఆ మాట వారి హృదయములను తాకినది. తరువాతి కాలమున వలలో పడిన తిమింగల సొరలను, వల కోసియైనను, వారు సముద్రములోనికి విడిచిరి. మన తీరమునకును ఈ చేప క్రొత్త కాదు. 2022 జనవరిలో విశాఖపట్టణ సమీపమున తంతడి వద్ద తీరమునకు చేరిన తిమింగల సొరను, అటవీశాఖవారు, మత్స్యకారులు కలిసి తిరిగి లోతునీటికి పంపిరి.

ఆ చిత్రమును పిల్లలకు చూపుటకు ముందు మేము రెండుసార్లు చూచితిమి. రక్తము మిక్కుటముగా కనబడు దృశ్యములను ఆరవ తరగతివారికి చూపలేదు. అట్టివి ఉన్నవని, వాటిని చూపుట లేదని మాత్రము చెప్పితిమి. చూపకుండుట వేరు, దాచుట వేరు. మరియు చిత్రము ముగిసిన చోట మేము ముగింపలేదు. చట్టము, పుట్టింటి మాట, తంతడి ఈ మూడింటిని అదే గంటలో చెప్పితిమి. దుఃఖమును చూపి ఇంటికి పంపిన, పిల్లవాడు మనవలన ఏమగునని చతికిలబడును. ఆ దుఃఖమునకు ఎవరెవరు ఏమి చేసిరో గూడ చెప్పిన, తానేమి చేయవలెనో అడుగును.

కథ, సత్యము రెండును సంకోచము లేక కలిసియుండు చిత్రము కూడ ఒకటి చెప్పవలసియున్నది. కెనడా జాతీయ చలనచిత్ర సంస్థ కొరకు బిల్ మేసన్ 1966లో తీసిన ‘పాడిల్ టు ది సీ’ సుమారు ఇరువది యెనిమిది నిమిషముల చిత్రము. హోలింగ్ అను రచయిత 1941లో వ్రాసిన బాలల పుస్తకము దానికి మూలము. ఒక బాలుడు చిన్న కొయ్యపడవను, అందు కూర్చున్న మనిషిబొమ్మను చెక్కి, దొరికినవారు తిరిగి నీటిలో విడువుడని అడుగున వ్రాసి, మంచుమీద ఉంచును. మంచు కరుగును. పడవ మహాసరస్సులమీదుగా, నయాగరా జలపాతమును దాటి, సెయింట్ లారెన్సు నదిగుండ సముద్రమునకు చేరును. పడవ కథ కల్పితము. సరస్సులు, జలపాతము, నది యథార్థములు. ఈ చిత్రము చూచినవారెవరును ‘నిజమేనా’ అని అడుగలేదు. “మనం కూడా వేద్దామా, మాస్టారూ?” అని అడిగిరి.

కొబ్బరిడొక్కతో పడవ చేసి, అడుగున రంగుతో బడిపేరు వ్రాసి, కాలువలో విడిచిరి. పిల్లలు గట్టువెంట నడచిరి. అది సముద్రము చేరలేదు. రెండు ఫర్లాంగుల దూరములో వంతెనక్రింద గుర్రపుడెక్కలో చిక్కుకొని ఆగిపోయినది. దానిచుట్టు పాలసంచులు, మందుసీసాలు, చినిగిన వలముక్కలు. ఎనిమిదవ తరగతివారు అచటనే నిలిచి ఒక పట్టిక వ్రాసిరి; ఏది ఎన్ని, ఎవరియింటినుండి వచ్చునట్టిది అని. పాలసంచులలో తమ ఇంటివి కూడ ఉన్నవని వారే కనుగొనిరి. ఆ పట్టికను పంచాయతీకి ఇచ్చితిమి. వారు వంతెనక్రింది గుర్రపుడెక్కను తీయించిరి. అది మరల పెరుగుచునేయున్నది. పిల్లలు ప్రతినెల ఒక పడవను విడిచి, ఎంతదూరము పోవునో వ్రాసికొనుచున్నారు.

ఉపాధ్యాయులకు, తల్లిదండ్రులకు మేము చేయు మనవి స్వల్పము. చిత్రమును పిల్లలకంటె ముందు మీరు చూడుడు. అరగంటకు మించనిదానిని ఎన్నుకొనుడు. బడిగంటలో మిగిలిన సమయము పిల్లల మాటలకు వదలుడు. అది కథయా, వాస్తవమా, వాస్తవమునకు మెరుగులు దిద్దినదా అని ముందుగనే చెప్పుడు. తెలియనిచో, కలిసి వెదుకుదమని చెప్పుడు. ఒక చిత్రమునకు చేతికందు పని ఒక్కటి జతచేయుడు. మరునాడే వ్యాసరచన పోటీ పెట్టకుడు. బహుమానము కొరకు వ్రాసిన పది వాక్యములకంటె గట్టుమీద పోసిన ఒక డబ్బా నీరు మేలు.

ఆ బాలిక ఇప్పుడు తొమ్మిదవ తరగతికి వేరొక బడికి పోయినది. ఏడు చింతమొక్కలలో ఐదు నిలిచినవి. పెద్దది మా భుజమును దాటినది. ఈ యేడు ఆరవ తరగతిలో చేరిన పిల్లలను గట్టుమీదికి తీసికొనిపోయి, వీనిని మీవంటి బడిపిల్లలే నాటిరని చెప్పితిమి. వారిలో ఒకడు మొక్కవంకను, మా వంకను మార్చి మార్చి చూచి, “నిజంగానాండీ?” అని అడిగినాడు. ఎన్ని నాటిరి, ఎన్ని పోయినవి, మావలన పోయినవెన్ని, అంతయు చెప్పితిమి.